పరాయి సర్కారు టీవీలో గంగారాం

ఇతర దేశాల ప్రభుత్వాలు తమ గురించి తాము చెప్పుకునే వార్తలను వినడం, చూడటం, అందులో ఎంత నిజమో తేల్చి మా పాఠకులకు చెప్పడం: పాతికేళ్ల పైచిలుకు నేను చేసిన పని ఇదే. కరీంనగర్‌లో కూర్చుని ఇలాంటి పని చేశానంటే చాలామంది నవ్వుతారు. మా అవ్వకైతే చివరిదాకా అర్థం కాలేదు. "రేడియో ఇంటే కూడా జీతమిస్తరారా?" అని అడిగేది.

ఈమధ్య ఒక పత్రికలో కొత్తగా చేరిన అమ్మాయి నా దగ్గరకు వచ్చింది. అబద్ధపు వార్తను చూడగానే ఎలా పసిగట్టాలో చెప్పమంది. నాకు తెలిసినవి కొన్ని చెప్పాను. ఆమె నోటుపుస్తకంలో రాసుకుంది. వెళ్లిపోయాక, అసలు చెప్పాల్సింది చెప్పలేదనిపించింది. అది ఇక్కడ రాస్తున్నాను.

ఒకే ట్రాక్టరు

మాది నిర్మల్. అరవై తొమ్మిది తెలంగాణ ఉద్యమంలో కాలేజీలు మూతపడి, చదువు అటకెక్కి, కరీంనగర్‌లో ఒక చిన్న వారపత్రికలో ప్రూఫులు దిద్దే పనిలో చేరాను. ఇంట్లో ఉర్దూ, చుట్టుపక్కల మరాఠీ వినిపించేవి కాబట్టి నాకు భాషలంటే భయం ఉండేది కాదు. బడిలో నేర్చిన ఇంగ్లిషు ఎలాగూ ఉంది. అది చూసి మా ఎడిటర్ మాధవరావు సార్ నాకొక షార్ట్‌వేవ్ రేడియో ఇచ్చి, రోజూ నాలుగు దేశాల వార్తలు విని తేడాలు రాసిపెట్టమన్నారు.

మాధవరావు సార్ హుజూరాబాద్ వైపు భూములున్న కుటుంబంలో పుట్టారు. వ్యవసాయం తమ్ముళ్లకు వదిలేసి పత్రిక పెట్టుకున్నారు. కోపం ఎక్కువ. తప్పు దొరికితే కాగితం మడిచి నా జేబులో పెట్టి, "ఇంటికి తీస్కపోయి మీ అవ్వకు జూపెట్టు" అనేవారు. అంతకు మించి ఏమీ అనరు. అదే చాలా ఎక్కువగా ఉండేది.

అప్పట్లో కొన్ని దేశాల రాయబార కార్యాలయాలు తమ వార్తాచిత్రాలను ఊళ్లకు పంపేవి. ఒకసారి గ్రంథాలయం గోడ మీద తెల్లబట్ట కట్టి అలాంటిదొకటి వేశారు. ఆ దేశంలో పంటలు ఎంత బాగా పండుతున్నాయో చూపించే సినిమా అది. వరుసగా ట్రాక్టర్లు పోతూనే ఉన్నాయి. నేను శ్రద్ధగా లెక్కపెట్టి రాసుకుంటున్నాను. నా పక్కన ఒక రైతు కూర్చున్నాడు. ఉన్నట్టుండి పకపకా నవ్వాడు.

"ఏమైంది?" అన్నాను.

"గదే ట్రాక్టరు సారూ! చక్రం మీది రేకు సొట్ట జూడు. పోయి మళ్లొచ్చింది, పోయి మళ్లొచ్చింది. తిరగలేక సస్తుంది పాపం!"

నిజమే. ఒకే ట్రాక్టరు. మర్నాడు మాధవరావు సార్‌కు చెబితే ఆయన నవ్వలేదు. "నువ్వు ట్రాక్టర్లను లెక్కపెట్టినవు. ఆయన ట్రాక్టరును చూసిండు. ఇగ నుంచి ఏది చూసినా అందులో ఉన్న పని తెలిసినోడిని పక్కన కూసోబెట్టుకో" అన్నారు. నా ఉద్యోగంలో నేను విన్న మాటలన్నిటిలో ఉపయోగపడేది అదే. సమయానికి మరిచిపోయింది కూడా అదే.

మెత్తగా మాట్లాడేవాళ్లు

తర్వాత కరీంనగర్‌కు టీవీ వచ్చింది. మేము కూడా వారపత్రిక నుంచి దినపత్రికకు మారాం. గల్ఫ్ నుంచి వచ్చినవాళ్లు వీసీఆర్లు, అక్కడి టీవీలో రికార్డు చేసిన క్యాసెట్లు తెచ్చేవారు. ఎనభైలు ముగిసేనాటికి ఒక హోటలు పైన పెద్ద డిష్ వెలిసింది. దానిలో ఏదో చలిదేశపు ప్రభుత్వ టీవీ వచ్చేది. ఒక్క ముక్క అర్థం కాకపోయినా మధ్యాహ్నాలు పోయి చూసేవాణ్ని.

భాష తెలియకపోవడం మంచిదే అయింది. మాటలు లేకుండా చూస్తే బొమ్మ ఏం చేస్తుందో కనిపిస్తుంది. నాయకుణ్ని ఎప్పుడూ కింది నుంచి చూపిస్తారు. జనాన్ని పై నుంచి చూపిస్తారు. నాయకుడు మాట్లాడతాడు, జనం చప్పట్లు కొడతారు. ఆ టీవీలో ఒక్కసారి కూడా మామూలు మనిషి నోరు తెరిచి ఒక పూర్తి వాక్యం చెప్పగా నేను చూడలేదు.

అయితే అలా గట్టిగా డప్పు కొట్టుకునేవాళ్లతో పెద్ద ప్రమాదం లేదు. ఎవరికైనా తెలిసిపోతుంది. కష్టమంతా మర్యాదగా, మెత్తగా మాట్లాడే ప్రభుత్వ ప్రసారాలతోనే. తమకు గిట్టని దేశంలో పోలీసులు కాల్చితే "కాల్చి చంపారు" అంటారు. తమ స్నేహితుడి దేశంలో అదే జరిగితే "ఘర్షణలో మరణించారు" అంటారు. రెండూ అబద్ధాలు కావు. రెండో వాక్యంలో కాల్చినవాడు మాత్రం మాయమవుతాడు. ఇది గుర్తుపట్టడానికి నాకు పదేళ్లు పట్టింది. గుర్తుపట్టాక మా సొంత పేజీలు తిరగేస్తే మేమూ అదే చేస్తున్నామని తెలిసింది. మన దేశంలోనూ ఒక కాలంలో ఏం వేయాలో, ఏం వేయకూడదో పై నుంచి చెప్పారు. మేము విన్నాం. పరాయివాళ్ల పక్షపాతం గురించి మాట్లాడేటప్పుడు నేను ఈ సంగతి దాచిపెట్టను.

ఇలా ఏళ్లు గడిచేసరికి నాకు కొంచెం పేరు వచ్చింది. "రాజేశం సార్ చూస్తే చెప్పేస్తడు" అనేవారు. నాకూ అలాగే అనిపించడం మొదలైంది.

మేస్త్రీ తెచ్చిన క్యాసెట్

తొంభై ఆగస్టులో కువైట్‌ను పక్క దేశం ఆక్రమించింది. ఆ దేశం పేరు నేను రాయను. నేను చెప్పబోయే టీవీలాంటివి చాలా దేశాలకు ఉన్నాయి. కువైట్‌లో మా జిల్లావాళ్లు ఎందరో ఉన్నారు. ఫోన్లు పోయాయి. ఉత్తరాలు ఆగిపోయాయి. పొద్దున్నే మా ఆఫీసు మెట్ల మీద ఆడవాళ్లు పాస్‌పోర్టు ఫొటోలు పట్టుకుని కూర్చునేవారు. వాళ్లకు చెప్పడానికి మా దగ్గర ఏమీ ఉండేది కాదు.

సెప్టెంబరులో జగిత్యాల దగ్గరి మేస్త్రీ ఒకాయన తిరిగి వచ్చాడు. కువైట్‌ను ఆక్రమించిన దేశంలోనే భవనాలు కట్టే ఒక కంపెనీలో పనిచేసేవాడు. ఆయన ఒక వీడియో క్యాసెట్ తెచ్చాడు. అక్కడి ప్రభుత్వ టీవీలో కువైట్‌లోని విదేశీ కార్మికులను చూపించారట. క్యాంపులో ఎవరో రికార్డు చేసి, "ఇంటికి పోతున్నవు గదా, ఎవరన్న గుర్తుపడ్తరేమో తీస్కపో" అని ఇచ్చారట.

బస్టాండు దగ్గరి వీడియో దుకాణంలో దాన్ని వేశారు. దుకాణం పట్టనంతమంది వచ్చారు. అక్కడి టీవీ ప్రసార పద్ధతి వేరు కాబట్టి మా వీసీఆర్‌లో రంగులు రాలేదు. నలుపు తెలుపులో గీతలు గీతలుగా వచ్చింది. నేను ఖలీల్ సాబ్‌ను వెంట తీసుకెళ్లాను. ఆయన ఉర్దూ బడిలో పనిచేసి రిటైరైన పంతులు. అరబ్బీ చదివినవాడు.

క్యాసెట్‌లో దుకాణాలు, రొట్టెల భట్టీ, ఆ తర్వాత ఒక పెద్ద గోదాం. స్వెట్టర్లు వేసుకున్న పది పన్నెండు మంది మనుషులు అట్టపెట్టెలు మోస్తున్నారు. వాళ్లలో ఒకడు కెమెరా వైపు చూసి నవ్వాడు.

జనంలోంచి ఒక ఆడమనిషి కేక వేసింది. "గంగారాం! మా ఆయన! గాయననే!"

ఆమె పేరు భూలక్ష్మి. మెట్‌పల్లి దగ్గరి పల్లె. ముప్పై ఏళ్లు కూడా ఉండవు. జనాన్ని తోసుకుంటూ వచ్చి టీవీ ముందు కూర్చుంది. అందరూ నా వైపు తిరిగారు. దుకాణం యజమాని అడిగాడు, "సార్, గిది ఇప్పటిదేనా? నిజమేనా?"

నేను ఖలీల్ సాబ్‌ను అడిగాను. ఆయన చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని మళ్లీ విన్నారు. "సామాన్ బహుత్ ఉన్నది, అందరు ఖుషీగ ఉన్నరు అంటుండు. ఇంకేదో చల్లదనం గురించి అంటుండు. జర ఆగు భాయ్, మళ్లొకసారి ఇంటా..."

నేను ఆగలేదు. ఆగస్టులో కువైట్ నిప్పుల కుంపటి. ఆ ఎండలో స్వెట్టరు ఎవరు వేసుకుంటారు? పైగా టీవీలో వార్త చెప్పేవాడే చల్లదనం అంటున్నాడు. అంటే చలికాలం. అంటే ఆక్రమణకు ఏడెనిమిది నెలల ముందటి బొమ్మలు. నాకు లెక్క కుదిరిపోయింది. అంతమంది ముందు, వెనక ఉన్నవాళ్లకు కూడా వినిపించేలా చెప్పాను: "ఇవి పాత బొమ్మలు. ఇప్పుడు తీసినవి కావు. ప్రచారానికి వాడుకుంటున్నారు."

భూలక్ష్మి నా వైపు చూసి ఏదో అనబోయి, తలదించుకుంది.

నేను రాసిన ఆరు వాక్యాలు

మర్నాడు మూడో పేజీలో నా వార్త వచ్చింది. ఆరు వాక్యాలే. 'పాత దృశ్యాలతో కొత్త ప్రచారం' అని శీర్షిక. స్వెట్టర్ల సంగతి అందులో ఉంది. ఎండ సంగతి ఉంది. హైదరాబాద్ నుంచి ఒక పాత మిత్రుడు ఫోన్ చేసి మెచ్చుకున్నాడు. ఆ రోజంతా నాకు చాలా బాగుంది. ఈ మాట రాయడానికి సిగ్గుగా ఉన్నా రాస్తున్నాను.

వీడియో దుకాణంవాడు క్యాసెట్ వేయడం ఆపేశాడు. పాతదని పేపరులో వచ్చాక ఎవరు చూస్తారు?

మూడో రోజు పదకొండింటికి భూలక్ష్మి మా ఆఫీసుకు వచ్చింది. చేతిలో గుడ్డసంచి. నా బల్ల ముందు నిలబడింది. కూర్చోమంటే కూర్చోలేదు.

"సారూ, ఒక్క మాట అడుగుతా. కోపం జెయ్యొద్దు."

"చెప్పమ్మా."

"మా ఆయన పనిజేసేది చల్లగోదాంల. మాంసం, పండ్లు పెట్టే గోదాం. ఆడ ఎండకాలమైనా సలికాలమైనా స్వెట్టరు ఏసుకోవాల్నట. మొన్న మే నెలల వచ్చినప్పుడు గీడ కరీంనగర్‌లనే కొనుక్కపోయిండు. ఎండలల్ల స్వెట్టరు కొంటుండని దుకాణపాయన నవ్విండు."

చల్లదనం. ఖలీల్ సాబ్ విన్నది గోదాం గురించి. అయినా వెంటనే ఒప్పుకోవడానికి నోరు రాలేదు. "అయితే స్వెట్టరు వల్ల ఏ కాలమో తెలియదన్నమాట. కానీ పాతది కాదని కూడా చెప్పలేం కదమ్మా" అన్నాను.

ఆమె సంచిలోంచి రెండు ఫొటోలు తీసింది. ఒకటి పెళ్లినాటిది. గంగారాంకు ఒత్తయిన రింగుల జుట్టు, చెవుల మీదికి పడుతోంది. రెండోది కొండగట్టులో గుడి మెట్ల కింద ఫొటోగ్రాఫరు తీసింది. ఆలుమగలిద్దరూ నిలబడి ఉన్నారు. గంగారాంకు నున్నటి గుండు.

"రెండేండ్లకు వచ్చిండు. అంజన్నకు మొక్కున్నదంటే కొండగట్టుకు పోయి ఎంట్రుకలిచ్చినం. జూన్‌ల పోయిండు. టీవీల జూడు సారూ, నెత్తి మీద ఎంట్రుకలు గింతే ఉన్నయ్." రెండు వేళ్లు పక్కపక్కన పెట్టి చూపింది. "పాతదైతే గా రింగుల జుట్టు ఉండాలె గదా?"

నేను రెండు ఫొటోలనూ పక్కపక్కన పెట్టి చూశాను.

"గా పొద్దే చెప్తామనుకున్న. నువ్వు పెద్దసారువు, అందరి ముందట చెప్పినవు. నాకేం తెలుసులే అనుకున్న" అంది. తర్వాత గొంతు తగ్గించి, "మా అత్త మూడు దినాల సంది అన్నం ముడ్తలేదు. పేపర్ల పాతదని రాసిండ్లంటే పిలగాడు లేనట్టే అంటది" అంది.

ఇరవై ఏళ్ల అనుభవంతో నేను ఆ క్యాసెట్‌లో గోడలు చూశాను, బట్టలు చూశాను, నీడలు చూశాను. ఆమె తన మనిషిని చూసింది. ఆ గోదాంలో పని గురించి, ఆ మనిషి గురించి తెలిసినవాళ్లు నా పక్కనే కూర్చుని ఉంటే, నేను వాళ్లను అడగకుండా వాళ్లకే చెప్పాను.

ఖలీల్ సాబ్‌ను పిలిపించి, ఆ మధ్యాహ్నమే ముగ్గురం క్యాసెట్ మళ్లీ చూశాం. ఆమె చెప్పినట్టే ఉంది. ఖలీల్ సాబ్ నాలుగుసార్లు విని, "చల్లబెట్టే కమ్రా అంటుండు సాబ్, సలికాలం గాదు. నా అర్బీ కితాబుల అర్బీ. ఆగుమంటే నువ్వు ఆగలే" అన్నారు. కోప్పడలేదు. నా భుజం మీద చెయ్యి వేసి మరీ అన్నారు. అందుకే ఇంకా బాధేసింది.

సవరణ

జరిగింది మాధవరావు సార్‌కు చెప్పాను. అప్పటికి ఆయనకు అరవై దాటాయి. కాగితం మడిచి జేబులో పెడతారనుకున్నాను. పెట్టలేదు. "నువ్వే రాయి. అదే పేజీల, అదే జాగల, అంతే పెద్దగ" అన్నారు.

నేను రాసుకొచ్చిన దాంట్లో 'దృశ్యాలు ఇటీవలివే అయ్యే అవకాశం కనిపిస్తున్నట్టు తెలుస్తోంది' అని ఉంది. ఆయన కలం తీసి ఆ వాక్యం మొత్తం కొట్టేశారు.

"ఎవరికి తెలుస్తోందయ్యా? పొరపాటు నీది. నీ పొరపాటుకు దుప్పటి కప్పకు. జూన్ తర్వాత తీసినవని ఆమె చెప్పింది, మనకు నిజమనిపించింది. ఆక్రమణకు ముందు ఆ దేశం కెమెరా ఆ గోదాంలకు పోయే పనే లేదు. గంతే రాయి. ఆ టీవీ చెప్పే మాట నిజమని మాత్రం రాయకు. మనిషి ఉన్నడనేది వేరు, సుఖంగ ఉన్నడనేది వేరు."

అలాగే రాశాను. కానీ భూలక్ష్మి అత్తకు చదువు రాదు. పేపరు మీద వేసి ఊరుకుంటే సరిపోదనిపించింది. పేపరు వచ్చిన పొద్దున్నే మెట్‌పల్లి బస్సెక్కాను.

ముసలమ్మ అరుగు మీద గోడకు ఆనుకుని కూర్చుంది. భూలక్ష్మి నన్ను చూపించి, "పేపరు సారు వచ్చిండత్తా" అంది. నేను పక్కన కూర్చుని, అన్నీ చెప్పి, పొరపాటు నాదేనని చెప్పాను.

ఆమె నా మొహంలోకి చూసింది. "మొన్న లేడన్నట్టు రాస్తివి. ఇయ్యాల ఉన్నడంటివి. రేపేమంటవ్ బిడ్డా?"

"రేపటిది నాకు తెల్వదవ్వా. ఆ క్యాసెట్ తీసిన రోజు దాంక ఉన్నడు. అంతవరకే చెప్పగలుగుత."

ఆ మాట ఆమెకు ధైర్యం ఇస్తుందనుకోలేదు. కానీ ఆమె తల ఊపింది. "గట్ల జెప్పు. గట్ల జెప్తె నమ్మబుద్ధయితది" అంది. కోడలి వైపు తిరిగి, "సారుకు అన్నం పెట్టు. నాకు గూడ పెట్టు" అంది.

మక్కరవ్వతో వండిన గటక, పచ్చిపులుసు. ముగ్గురం తిన్నాం. ముసలమ్మ మెల్లగా, ముద్ద ముద్దకూ ఆగి ఆగి తింది. భూలక్ష్మి తన గిన్నె ముట్టకుండా ఆమెనే చూస్తూ కూర్చుంది.

నాకు తెలిసింది ఎక్కడిదాకానో అక్కడ ఆగి, అక్కడ ఆగుతున్నానని చెప్పడం. ఈ ఉద్యోగంలో అంతకన్నా పెద్ద విద్య లేదు. నాకు అది ఆ అరుగు మీద వచ్చింది.

గంగారాం చెప్పింది

అక్టోబరులో గంగారాం వచ్చాడు. ఎడారిలో బస్సుల మీద జోర్డాన్ దాకా పోయి, అక్కడ డేరాల్లో ఉండి, విమానంలో బొంబాయి చేరి, అక్కడి నుంచి ఇల్లు చేరాడు. వారం తర్వాత భార్యతో కలిసి ఆఫీసుకు వచ్చాడు. బాగా చిక్కిపోయాడు. చొక్కా భుజాల మీద వేలాడుతోంది.

"నేను టీవీల వచ్చిన్నట గదా సార్. జర చూపిస్తరా?"

వీడియో దుకాణంలో మేము ముగ్గురమే ఉన్నాం. గోదాం బొమ్మ రాగానే గంగారాం ముందుకు వంగాడు. తనను తాను చూసుకుని నవ్వుతాడనుకున్నాను. అతడు భార్య చెయ్యి పట్టుకున్నాడు.

"ఆపుండ్రి సార్. జర ఆపుండ్రి." బొమ్మ ఆగింది. "నా చేతిల పెట్టె జూడుండ్రి. ఒంటిచేతితోని ఎత్తిన. నిండుగున్న పెట్టె ఇద్దరం ఎత్తాలె. అన్ని ఖాళీవే సార్. సామాన్ అంతా లారీలల్ల ఎప్పుడో తీస్కపోయిండ్లు. కరెంటు గూడ లేదు. కెమెరాలోళ్లు వచ్చిన పొద్దు ఒక్కటే జనరేటర్ పెట్టి మిషిన్ నడిపిండ్లు. స్వెట్టర్లు ఏసుకోమన్నరు, పెట్టెలు మోయమన్నరు, నవ్వుమన్నరు. అప్పటికి మేం రెండు దినాల సంది చాయ, ఎండిన రొట్టె మీదనే ఉన్నం."

ఆ టీవీ పక్షపాతం గురించి నేను అనుకున్నది తప్పు కాదు. అది అబద్ధమే చెప్పింది. కానీ నేను పట్టుకున్న అబద్ధం అక్కడ లేదు. ఉన్న అబద్ధం ఆ ఖాళీ పెట్టెల్లో ఉంది. అందులో కనిపించిన మనిషి మాత్రం నిజం.

"మరి నువ్వు నవ్వినవు గద" అంది భూలక్ష్మి.

"నవ్వకుంటే బయటికి పంపరేమో అనిపించింది. ఇంకోటి..." అతడు ఆగిన బొమ్మ వైపు తిరిగాడు. "ఎవలన్న జూస్తరేమో అనుకున్న. నువ్వు జూస్తవనుకోలే. ఎవలన్న సూసి నీకు జెప్తె, నవ్వుకుంట ఉన్నడని జెప్పాలె గదా."

భూలక్ష్మి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నేను లేచి బయటికి పోయి కాసేపు బస్సులను చూస్తూ నిలబడ్డాను.

రాయని వార్త

తిరిగి లోపలికి వచ్చి, ఇదంతా రాస్తానన్నాను. ఏ పత్రికకూ దొరకని వార్త అది. గంగారాం భయపడ్డాడు. బొమ్మలో తన పక్కన నిలబడ్డ పొడుగాటి మనిషిని చూపించాడు. వాళ్లందరిలో నవ్వనివాడు అతడొక్కడే.

"ఈయన జమాల్. బంగ్లాదేశ్. ఆరేండ్ల సంది ఒక్క కమ్రల ఉన్నం. కెమెరాలోడు రెండుసార్లు చెప్పినా నవ్వలే. ఇంక ఆడనే ఉన్నడు సార్. నేను వచ్చేటప్పుడు కాగితాలు లేవని ఆపిండ్లు. పెట్టెలు ఖాళీ అని గీడ రాస్తే, ఎవలు జెప్పిండ్లని ఆడ అడుగుతరు. వద్దు సార్. జమాల్ బయటికి వచ్చిందాంక వద్దు."

మా పత్రిక ఇటు చెన్నూరు, అటు నిర్మల్ దాటి పోదు. అక్కడ తెలుగు పత్రిక చదివి జమాల్‌ను పట్టుకునేవాళ్లు ఎవరూ ఉండరు. ఆ మాటే చెప్పబోయాను. అతడి మొహం చూసి ఆగిపోయాను. అప్పటికే ఒకసారి ఆ దుకాణంలోనే నేను తొందరపడ్డాను.

మాధవరావు సార్‌తో చెప్పాను. "మంచి వార్తయ్యా" అన్నారు. "ఉండనీ" అన్నారు.

నవంబరు గడిచింది. డిసెంబరు వచ్చింది. కువైట్ కోసం యుద్ధం ఖాయమని అన్ని దేశాల టీవీలూ తమ తమ పద్ధతుల్లో చెబుతున్నాయి. గంగారాం కరీంనగర్ వచ్చినప్పుడల్లా ఆఫీసులోకి తొంగి చూసేవాడు. "జమాల్ సంగతి ఏమన్న తెలిసిందా సార్?" అని అడిగేవాడు. బంగ్లాదేశీయులతో వచ్చే విమానాల గురించి రేడియోలో ఒక్క మాట వినిపించినా నేను రాసి పెట్టుకునేవాణ్ని. నా పనిలో ఒకే ఒక్క మనిషి కోసం వార్తలు విన్నది ఆ రెండు నెలలే.

ఒకరోజు గంగారాం, భూలక్ష్మి ఇద్దరూ పరుగులాంటి నడకతో వచ్చారు. ఉత్తరం తెచ్చారు. జమాల్ ఎవరితోనో ఉర్దూలో రాయించాడు. ఖలీల్ సాబ్ కళ్లద్దాలు తుడుచుకుని చదివారు. ఇల్లు చేరాడట. జ్వరం వచ్చి తగ్గిందట. కొడుకు తనను గుర్తుపట్టలేదట. గంగారాం ఎలా ఉన్నాడో రాయమన్నాడు.

గంగారాం రెండు చేతులతో మొహం కప్పుకుని ఏడ్చాడు. ఎడారి దాటినప్పుడు ఏడవలేదట. ఇప్పుడు ఏడుస్తున్నాడు.

ఆ సాయంత్రమే ఖాళీ పెట్టెల వార్త రాశాను. అప్పటికి ఇలాంటివి అన్ని పత్రికల్లోనూ వచ్చేశాయి. మాది ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. దాని గురించి నాకు ఈరోజుకూ విచారం లేదు.

వార్త వచ్చిన రోజు భూలక్ష్మి అడిగింది: "సారూ, మేమైతే క్యాసెట్ సూసినం. జమాల్ భార్య సూసి ఉండది గదా? గాయిన ఆడ ఉన్న దినాలల్ల ఎట్లున్నడో ఆమెకు తెల్వదు గదా?"

వీడియో దుకాణంవాడు క్యాసెట్‌కు నకలు తీసి ఇచ్చాడు. ఖలీల్ సాబ్ ఉర్దూలో చీటీ రాశారు. అట్టపెట్టెలో పెట్టి, గుడ్డ కుట్టి, నలుగురం పెద్ద పోస్టాఫీసుకు పోయాం. విదేశానికి పోయే పార్శిలు కాబట్టి లోపల ఏముందో ఒక కాగితం మీద రాయాలన్నాడు కౌంటరు దగ్గరి గుమాస్తా.

"ఏమున్నది సార్ ఇందుల? సినిమానా?"

"కాదు."

"వార్తలా?"

నేను కలం పట్టుకుని ఆలోచించాను. వార్తలే అయితే, అందులో ఎంత నిజమో, ఎంత అబద్ధమో చెప్పడం నా ఉద్యోగం. వెనక నిలబడ్డవాళ్లు తొందర పెడుతున్నారు. గంగారాం నా భుజం మీది నుంచి కాగితంలోకి చూస్తున్నాడు.

'ఒక మనిషి ఫొటో' అని రాశాను.

గుమాస్తా చదివి, క్యాసెట్ ఆకారం వేలితో తడిమి చూసి, నా మొహం చూశాడు. ముద్ర వేశాడు.